రికార్డు ప్రకారం మా వాకిలి

కుళాయి కనెక్షన్ అడగడానికి కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్ళి, హాల్ టిక్కెట్టు పట్టుకుని ఇంటికొచ్చాను. ఇందులో ఎవరి తప్పూ లేదు. నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ని. ఎనిమిదేళ్ళ సర్వీసులో మూతి తెరవమంటే తోక ఊపే జీవాలతోనే గడిపాను గనుక, ఎదుటివాళ్ళు ఏం చేసినా దానికేదో కారణం ఉండే ఉంటుందని నమ్మడం అలవాటైపోయింది.

ఆ వేసవిలోనే నాకు ఈ నగరానికి బదిలీ అయింది. జల్లెళ్ళపేటలో రెండు గదుల పాత ఇల్లొకటి కొన్నాం. డోరు నంబరు 14-3-27. ఇల్లు అమ్మినాయన పోతూ పోతూ కుళాయి కనెక్షన్ రద్దు చేయించుకుని పోయాడు. మా ఆవిడ కనకవల్లికి ఆరో నెల. బరువులు ఎత్తొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుచేత రోజూ డ్యూటీకి వెళ్ళేముందు రెండు వీధుల అవతల పార్కు కుళాయి దగ్గర్నుంచి నాలుగు బిందెలు నేనే మోసేవాణ్ణి.

"కాన్పు నాటికి ఇంట్లోకి నీళ్ళు రావాలండీ. బాలింతనీ, పసిగుడ్డునీ పెట్టుకుని మీరు పార్కు చుట్టూ బిందెలతో తిరుగుతానంటే కుదరదు" అంది కనకవల్లి.

ఆ మాట పట్టుకునే ఆఫీసుకు వెళ్ళాను. కుళాయిల సెక్షన్ గుమాస్తా జోజిబాబు నా దరఖాస్తు రెండు వైపులా తిప్పి చూశాడు.

"పరిచయ ధ్రువపత్రం ఏదండీ?"

"ఎవరితో పరిచయం?"

"మీ పేటతోనండి. కొత్తగా వచ్చినవాళ్ళకి అది లేందే కుళాయి ఇవ్వడానికి లేదు" అన్నాడు జోజిబాబు, తనకూ ఇది ఇష్టం లేదన్నట్టు గొంతు తగ్గించి.

సంగతేమిటంటే, కిందటేడు కార్పొరేషన్ వారు ఒక సర్వే చేశారట. మీ పక్కింట్లో ఎవరుంటారని అడిగితే నూటికి తొంభైమంది తెలీదన్నారు. మిగతా పదిమంది తెలుసుగాని ఆ విషయం ఎత్తొద్దన్నారు. అధికారులు కలవరపడి ఇరుగుపొరుగు ఉద్యమం మొదలుపెట్టారు. ర్యాలీ తీశారు, ఫ్లెక్సీలు కట్టారు. ర్యాలీకి జనాన్ని వేరే పేటనుంచి బస్సుల్లో తెచ్చారు కాబట్టి పరిచయాలు అనుకున్నంతగా పెరగలేదు. అప్పుడిక రూలు పెట్టారు. పేటకు కొత్తగా వచ్చిన ప్రతి మనిషీ తొంభై రోజుల్లో పేటను తెలుసుకుని, తెలుసుకున్నట్టు పరీక్ష రాసి నిరూపించుకోవాలి. ఈ పని చూడటానికి పరిసర పరిచయాధికారి అని ఒక పోస్టు కూడా సృష్టించారు.

ఆ పోస్టులో ఉన్న తారకబ్రహ్మం గారి గదిలోకి నన్ను పంపించాడు జోజిబాబు. ఆయన బల్లమీద తుడిచిన గాజు పలక తప్ప మరేమీ లేదు.

"చూడండి భావనారాయణ గారూ, నీరు అనేది సామాజిక వనరు. సమాజంతో పరిచయం లేని వ్యక్తి గృహంలోకి సామాజిక వనరు ప్రవహించడం విధానపరంగా సమంజసం కాదు" అన్నారు.

"ఇప్పుడు కూడా ఆ నీళ్ళే తాగుతున్నామండీ. పార్కు దగ్గర్నుంచి మోసుకుంటున్నాను."

"అది ప్రవాహం కాదు, రవాణా. రవాణా విషయంలో మాకు అభ్యంతరం లేదు."

ఆయన చెప్పింది నిజమే. నేను రవాణాయే చేస్తున్నాను. పరీక్షకు ఏం చదవాలని అడిగితే, పేటనే చదవమన్నారు, పేట నా ముందు తెరిచి ఉన్న పుస్తకమన్నారు. బయటికొచ్చాక జోజిబాబు అసలు పుస్తకం ఇంకా అచ్చు కాలేదని చెప్పి, హాల్ టిక్కెట్టు చేతిలో పెట్టాడు. పరీక్ష పది రోజుల్లో ఉంది.

కనకవల్లి హాల్ టిక్కెట్టు మీద నా ఫొటోనీ, నన్నూ మార్చి మార్చి చూసింది.

"నీళ్ళు తెస్తారని పంపిస్తే పరీక్ష తెచ్చారు. ఇంకెక్కడికైనా పంపిస్తే ఏం తెస్తారో" అని, నా ఆసుపత్రి యూనిఫారాలు మూటగట్టి ఇచ్చింది. "ముందివి ఇస్త్రీకి ఇచ్చి రండి."

మా ఇంటికి రెండిళ్ళ అవతల వీధి మలుపు. ఆ మలుపులో ముప్పై ఒక్క ఏళ్ళుగా నాంచారమ్మ ఇస్త్రీ బండి ఉంది. మనిషికి అరవై దాటి ఉంటాయి. బొగ్గుల ఇస్త్రీపెట్టె ఎత్తి దించుతుంటే ఆమె కుడిచేయి మాత్రం వయసు మరిచిపోయినట్టుండేది. నేను పరీక్ష సంగతి చెబితే, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నావైపు జాలిగా చూసింది.

"పేట గురించి పరీక్షా? దానికేం బాబూ, సాయంత్రం బట్టలియ్యడానికి ఊరంతా తిరుగుతా. నువ్వూ రా. ఆ మూట కాస్త పట్టుకుందువు."

అట్లా మూట భుజాన వేసుకుని ఆమె వెనక తిరగడం మొదలుపెట్టాను. నాంచారమ్మకు పేటలో మనుషులందరూ బట్టల లెక్కన తెలుసు. ఇంటి ముందు ఆగుతుంది, మూట విప్పుతుంది, ఇచ్చి వచ్చాక నడుస్తూ చెబుతుంది.

"ఈ నీలం గేటు ప్లీడరు గారిది. మొన్నమొన్నటిదాకా రోజుకో తెల్లచొక్కా వచ్చేది. ఈ మధ్య లుంగీలొస్తన్నాయి. కేసుల్లేవని ఎవరితోనూ అనొద్దు, చిన్నబుచ్చుకుంటాడు."

మా పక్కిల్లు పసుపు మేడ. అందులో ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఒకరు పైన, ఒకరు కింద. "పదేళ్ళబట్టీ వీళ్ళకి మాటల్లేవు. చీరలు మాత్రం ఒకరియి ఒకరు కట్టుకుంటారు. పైనామె చీర కిందికొచ్చిందంటే నేనే తీసుకెళ్ళి మళ్ళా పైన ఇయ్యాల. అదీ నా పని."

దాని పక్కన, మలుపుకు ముందు, చిన్న డాబా. అక్కడ ఒంటరిగా ఉండే రాజ్యలక్ష్మమ్మ గారు ఒక మగవాళ్ళ పాంటు, ఒక గళ్ళ చొక్కా ఇచ్చింది. నాంచారమ్మ వాటిని రెండు చేతులతో తీసుకుంది. వీధి చివరికి వచ్చాక చెప్పింది.

"ఆయన పోయి రెండేళ్ళయింది బాబూ. నెలకోసారి ఆ జత ఇస్త్రీకి ఇచ్చుద్ది. నలగనైనా నలగవు. నేనేమీ అడగను, చేసి ఇచ్చేస్తా."

ఎనిమిది రోజుల్లో నాకు పేట మొత్తం వచ్చేసింది. ఎవరి బిందె మా బిందెకంటే ముందు పెట్టాలో, ఎవరికి నమస్కారం పెట్టి ఆగాలో, ఎవరికి పెట్టి కదలాలో అన్నీ తెలిశాయి. ప్లీడరు గారి కుక్కకు చెవిలో పుండైతే నేనే కట్టు కట్టాను. పరీక్ష హాల్లోకి ధీమాగానే వెళ్ళాను.

ప్రశ్నలు సులువుగానే ఉన్నాయి. పేట తూర్పు సరిహద్దులో ఏముంది అని అడిగారు. సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు, దాని పైన టైలరింగ్ స్కూలు అని రాశాను. మూడో వీధిలో ప్రధాన కట్టడం ఏదన్నారు. బియ్యం గోడౌను అని రాశాను. చివరికి, పేటలో మీకు తెలిసిన ప్రముఖులెవరంటే రెండు పేజీలు నిండా రాసి, అదనపు కాగితం అడిగాను.

వందకు నాలుగు మార్కులొచ్చాయి. ఆ నాలుగూ నా పేరు తప్పు లేకుండా రాసినందుకు వచ్చినవి.

ఏదో పొరపాటు జరిగిందని తారకబ్రహ్మం గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన బీరువాలోంచి ఒక మ్యాపు తీయించి గాజు మీద పరిపించారు. నలభై రెండేళ్ళ కిందటి సర్వే మ్యాపు అది. మడతల దగ్గర చిరిగి, గుడ్డతో అతికించి ఉంది.

"జవాబులన్నీ దీని ఆధారంగానే రూపొందించబడినవి. తూర్పు సరిహద్దు, సోడా ఫ్యాక్టరీ. మూడో వీధి, గుర్రపుశాల. మీరు గోడౌను అని రాశారు."

"అక్కడ ఉన్నది గోడౌనేనండీ. నేను చూశాను."

"మీరు చూశారు. కాదనను. కాని అది మీ వ్యక్తిగత స్థాయిలో చూడటం. రికార్డులో లేనిదాన్ని మీరు చూస్తే ఆ చూపుకు కార్పొరేషన్ బాధ్యత వహించదు."

"గుర్రపుశాల ఉంటే గుర్రాలు ఉండాలి కదండీ."

"శాల వరకే మా పరిధి. గుర్రాలు పశుసంవర్ధక శాఖవి. తమరు ఆ శాఖే కదా? ఏమయ్యాయో మీరే మాకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి."

ఇంకాసేపు ఉంటే గుర్రాలు నా పేరు మీద పడేట్టున్నాయి. జోజిబాబును బతిమాలి మ్యాపుకు ఒక నకలు తీసుకుని ఇంటికొచ్చాను.

తర్వాత పదిహేను రోజులు గది తలుపు వేసుకుని జల్లెళ్ళపేటను బట్టీ పట్టాను. బయటికి వెళితే చదివింది చెడిపోతోంది. బియ్యం గోడౌను కళ్ళబడగానే గుర్రపుశాల మర్చిపోయేవాణ్ణి. అందుకని బిందెలు మోసేటప్పుడు కూడా తల దించుకునే నడిచాను. ఎదురొచ్చిన ప్లీడరు గారిని పలకరించకుండా దాటిపోతే, ఆయన పాపం కుక్క సంగతి చెప్పబోయి ఆగిపోయారు.

మ్యాపులో ఒక్కటి మాత్రం నన్ను కాస్త ఆపింది. డోరు నంబరు 14-3-27 అందులో మలుపులో ఉంది, సరిగ్గా నాంచారమ్మ బండి నిలబడే చోట. మేం కాపురం ఉంటున్న చోట కొబ్బరితోట ఉంది. మధ్యలో ఎప్పుడో నంబర్లు మార్చారు, మ్యాపు మార్చలేదు. సరే, పరీక్షకు పనికొస్తుందని అదీ గుర్తుపెట్టుకున్నాను.

రెండోసారి తొంభై ఎనిమిది వచ్చాయి. మీ పొరుగున ఎవరున్నారన్న చోట పసుపు మేడ అక్కచెల్లెళ్ళని రాసేశాను. చెయ్యి ఆగలేదు. రాయాల్సింది కొబ్బరిచెట్లని. అందుకు రెండు మార్కులు పోయాయి. అయినా అన్ని మార్కులు నగరం మొత్తంలో ఎవరికీ రాలేదట. తారకబ్రహ్మం గారు నాకు శాలువా కప్పి, జల్లెళ్ళపేట ప్రథమ పరిచిత పౌరుడు అన్న ధ్రువపత్రం ఇచ్చారు. నెల తిరిగేలోగా కుళాయి వేస్తామన్నారు. కనకవల్లికి అప్పటికి ఏడో నెల దాటింది.

నా మార్కులు చూసి ఉత్సాహం వచ్చిందో ఏమో, పేటకు వచ్చి మూడు నెలలు కాని మనిషికే ఇంత తెలిస్తే, పాతవాళ్ళకు ఇంకెంత తెలిసి ఉండాలని అధికారులు ఆలోచించారు. పరీక్ష అందరికీ పెట్టారు. జల్లెళ్ళపేటలో పుట్టి పెరిగినవాళ్ళు మొత్తం ఫెయిలయ్యారు. ప్లీడరు గారు జవాబు పత్రంలోనే అప్పీలు రాశారు. ఆయనకు సున్నా. పేట మొత్తం మీద పేట తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే మిగిలాను.

ఇళ్ళు ఉన్నవాళ్ళకు మళ్ళీ రాసుకునే వీలిచ్చారు. వీధిలో వ్యాపారం చేసుకునేవాళ్ళకు అది లేదు, ఒక్కటే అవకాశం. నాంచారమ్మకు చదువు రాదు కనుక మౌఖిక పరీక్ష అన్నారు. ప్రథమ పరిచిత పౌరుడి హోదాలో నన్ను సాక్షిగా కూర్చోబెట్టారు. ఆమె ఉతికిన చీర కట్టుకుని వచ్చి, నన్ను చూసి ధైర్యంగా నవ్వింది.

"జల్లెళ్ళపేట మలుపులో ఏమున్నది?" అని అడిగారు తారకబ్రహ్మం గారు.

"నేనే ఉంటానండి."

"ప్రశ్న వ్యక్తుల గురించి కాదు. కట్టడం గురించి."

"కట్టడం ఏముందయ్యా, నా బండే. ముప్పై ఒక్క ఏళ్ళబట్టీ అక్కడే ఉంది. మీ చొక్కా కూడా చేశాగా నేను. మీరు జూనియర్‌గా ఉన్నప్పుడు, రెండో వీధి పెంకుటింట్లో అద్దెకుండేవోళ్ళు. ఎడం జేబు కింద సిరా మరక ఉండేది."

తారకబ్రహ్మం గారి చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ జేబు మీదికి వెళ్ళింది. వెంటనే దించేసుకున్నారు.

"రెండో వీధిలో పెంకుటిల్లు రికార్డులో లేదు" అని రాసుకున్నారు. ఫలితం అక్కడికక్కడే చెప్పారు. నాంచారమ్మ పేటకు అపరిచిత. అపరిచితులు వీధిలో వ్యాపారం చేయరాదు. ఏడు రోజుల్లో బండి తీసెయ్యాలి.

ఆమెకు ముందు అర్థం కాలేదు. నేను విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

"అంటే నేను ఈ పేట మనిషిని కాదంటన్నారా బాబూ?" అని అడిగింది. ఒంటిమీద శాలువా లేకపోయినా ఉన్నట్టే ఉక్కపోసింది. నిజం చెప్పాలంటే సిగ్గేసింది. నాకు పేట నేర్పింది ఆమె. నేను నేర్చుకున్నదంతా మర్చిపోయి పాసయ్యాను. ఆమె ఏదీ మర్చిపోలేక ఫెయిలైంది.

మర్నాడు సెలవు పెట్టి, మ్యాపు నకలు చంకలో పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను.

"సార్, రికార్డు ప్రకారం మలుపులో ఉన్నది వీధి కాదు. డోరు నంబరు 14-3-27. అది నా ఇల్లు. దస్తావేజు ఇదిగో."

తారకబ్రహ్మం గారు దస్తావేజు చూశారు, మ్యాపు చూశారు. "అయితే?" అన్నారు.

"ఆ బండి నా వాకిట్లో ఉంది సార్. నాకు అభ్యంతరం లేదు."

ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించారు. ఆ ముఖంలో అంత ప్రశాంతత నేనెప్పుడూ చూడలేదు.

"గృహావరణలో ఉన్నది వీధి వ్యాపారం కాజాలదు. లేని వీధి వ్యాపారాన్ని తొలగించడం మా పరిధిలో లేదు. ఉత్తర్వు ఉపసంహరించబడుతుంది" అన్నారు. నేను దండం పెట్టి బయటికొచ్చాను.

వరండాలో జోజిబాబు నన్ను పక్కకు లాగాడు.

"మంచి పనే చేశారుగాని ఒక చిక్కుందండి. రేపు కుళాయి వేసేవాళ్ళు వస్తారు. ఆళ్ళూ మ్యాపు చూసే వేస్తారు. అంటే మీ కుళాయి ఆ మలుపులో పడుద్ది, రోడ్డు మీద." అని జేబులోంచి ఒక కాగితం తీశాడు. "ఇది స్థల సవరణ పత్రం. దీనిమీద సంతకం పెడితే మీ ఇల్లు అసలున్న చోటికి మారుద్ది, కుళాయి మీ వంటింట్లోకే వస్తది. కానీ మలుపు మళ్ళీ వీధైపోద్ది. ఆ ముసలామె బండి లేపేస్తారు."

"రెండూ కుదిరే కాగితం లేదా?"

"ఉంటే నేనే రాసి ఇచ్చేవాణ్ణండి" అన్నాడు జోజిబాబు.

ఆ కాగితం తెచ్చి కనకవల్లి ముందు పెట్టి ఉన్నదంతా చెప్పాను. దాచలేదు. ఇన్నాళ్ళూ నేను చదివింది, శాలువా కప్పించుకుంది, తలదించుకుని నడిచింది వంటింట్లో కుళాయి కోసమే. ఒక్క సంతకం దూరంలో ఉంది. అది నాకెంత ఆశగా ఉందో కూడా చెప్పాను.

ఆమె బియ్యం ఏరుతూ విన్నది.

"ఆమధ్య నాకు కాళ్ళు వాచాయని మీకు చెప్పానా?" అంది.

"లేదు."

"చెప్పలేదు. మీరు తలుపేసుకుని గుర్రపుశాలలు చదువుకుంటున్నారు. నా చీర తెచ్చిచ్చినప్పుడు చూసింది నాంచారమ్మ. రోజూ మీరు డ్యూటీకి వెళ్ళాక వచ్చి ఉప్పునీళ్ళ కాపడం పెట్టి పోతోంది. నీళ్ళు కూడా ఆవిడే ఒక బిందె తెస్తోంది." చేటలో రాయి ఒకటి తీసి పారేసింది. "మన కుళాయి మలుపులోనే వెయ్యమనండి. మలుపెంత దూరం? రెండిళ్ళు. పైపు వేసుకుందాం."

కాగితం మడిచి పొయ్యి పక్కన పెట్టింది. మర్నాడు దాంతోనే పొయ్యి అంటించింది.

కుళాయి వేసేవాళ్ళు మ్యాపు పట్టుకుని వచ్చి, ఇస్త్రీ బండి పక్కన టేపు పెట్టి కొలిచి, ఇక్కడ వంటిల్లు, ఇక్కడ పెరడు అని సున్నంతో గీశారు. ఏమీ ఆశ్చర్యపోకుండా వంటింట్లో కుళాయి బిగించి వెళ్ళిపోయారు. మలుపు నుంచి మా గుమ్మం దాకా రబ్బరు పైపు లాగాలంటే మధ్యలో రెండు ప్రహరీగోడల మీదుగా పోవాలి. రాజ్యలక్ష్మమ్మ గారు తన గోడకు మేకులు కొట్టుకోమని, ఆయన వాడిన సుత్తి తెచ్చిచ్చింది. పసుపు మేడ దగ్గర పైనామె సరేనంది గాని, కిందామెను కూడా అడగమంది. కిందామెను అడిగితే, పైపు ఎండకు పాడవుతుందేమో పైదాన్నే అడగమంది. నేను నాలుగుసార్లు మెట్లెక్కి దిగాక, ఓపిక నశించి ఇద్దరూ మెట్ల మధ్యలోకి వచ్చి తామే మాట్లాడుకున్నారు.

కుళాయి తిప్పే రోజు తారకబ్రహ్మం గారు స్వయంగా వచ్చారు. అప్పటికే మలుపులో జనం బిందెలతో నిలబడి ఉన్నారు. పేటలో చాలామంది ఇళ్ళకు నీళ్ళు సరిగా రావు. ప్లీడరు గారు లుంగీలోనే వచ్చి, కుక్క చెవి మానిందని చెప్పారు. ఆ రోజు పలకరించనందుకు క్షమించమన్నాను.

"ఇంతమంది మీ వంటింట్లో ఏం చేస్తున్నారు?" అని అడిగారు తారకబ్రహ్మం గారు.

"పరిచయస్తులండీ."

ఆయన అందరినీ ఒకసారి చూసి, ఉద్యమం ఆశించిన ఫలితాలు జల్లెళ్ళపేటలో సాధించబడినవని డైరీలో రాసుకున్నారు. వెళుతూ వెళుతూ బండి దగ్గర ఆగి, చేతిసంచిలోంచి ఒక చొక్కా తీసి, ఎవరూ చూడటం లేదనుకుని బట్టల కింద పెట్టారు. నాంచారమ్మ చూసి, చూడనట్టే ఇస్త్రీ చేసుకుంటూ పోయింది.

కనకవల్లి నెమ్మదిగా నడిచి వచ్చింది. ఎనిమిదో నెల. కుళాయి దగ్గరికొచ్చి, ధార కింద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది.

జోజిబాబు కాగితం సంగతి ఎప్పుడు చెప్పాడో గాని, నాంచారమ్మకు అంతా తెలుసు. ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, బండి కింద నుంచి తన పీట లాగి, దానిమీద దుప్పటి నాలుగు మడతలు వేసి పరిచింది. కళ్ళు తుడుచుకుంటూనే కనకవల్లిని చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకొచ్చింది.

"కూర్చో అమ్మాయ్. ఇంటిగలదానివి నువ్వే నిలబడితే, నీ ఇంటికొచ్చినోళ్ళం మేమెట్టా కూర్చుంటాం?"